చిట్టికి, అత్త రాసేది

చిట్టీ,

నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందట. మొదటిరోజే అందరి ముందు నిలబడి నీ ఇష్టాలు, అలవాట్లు చెప్పుకోవాలట కదా, నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లోంచి అంత దూరం వెళ్తున్న మొదటి ఆడపిల్లవి. సంతోషంతో రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారేసరికి నీకంటే నాకే టెన్షన్ ఎక్కువైంది.

పేరు, ఊరు, చదువు నిదానంగా చెప్పు. బట్టీ పట్టకు.

ఇష్టాల దగ్గరికొచ్చేసరికి మాత్రం లేనిది చెప్పకు తల్లీ. నేను చెప్పాను.

1978లో విజయనగరంలో టీచర్ ట్రైనింగులో చేరాను. హాస్టల్లో మొదటి రాత్రి ఒక్కొక్కరూ తమకేం ఇష్టమో చెబుతున్నారు. నాకు ప్రాణమైన పని పొందూరులో మా మామ్మ పక్కన కూర్చుని పత్తి దువ్వడం. వాలుగ చేప దవడకి సన్నటి పళ్లుంటాయి. గింజ తీయకముందే దాంతో పత్తిని దువ్వితే నలకలన్నీ ఒళ్లో రాలిపోయి, పోగులు పట్టులా మెరుస్తాయి. గట్టిగా లాగితే తెగిపోతాయి. మామ్మ నా మణికట్టు పట్టుకుని నేర్పింది. నూలు వడకడానికి చుట్టిన దూది ఏకులు నలగకుండా అరటి దొప్పలో దాచేది.

అది చెబితే పల్లెటూరిదనుకుంటారని భయపడ్డాను. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, పక్కనే బొబ్బిలి వీణలు. "వీణ వాయిస్తాను" అనేశాను.

దసరాకి సరస్వతీ పూజ చేసి, ఎవరో నిజంగానే వీణ తెచ్చి నా ముందు పెట్టారు. వేలు తెగిందని అప్పటికే గుడ్డ చుట్టుకున్నాను. దెబ్బ మానాలి కదా, నెలరోజులు ఆ గుడ్డ విప్పలేదు. ఈలోగా మామ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. పిల్లలు చుట్టూ చేరి "మీ మనవరాలు వీణ బాగా వాయిస్తుందా?" అనడిగారు. మామ్మ ఒక్కసారి నా వేలికేసి చూసి, "ఆఁ, వాయిస్తాది" అంది. బస్సు ఎక్కబోతూ మాత్రం, "నా పని చెప్పుకుంటే నామోషీ ఏటే గుంటా?" అంది. నాకు నోరు పెగల్లేదు. బస్సు కదిలాక ఏడ్చాను. ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

నీకు నాగావళి వంతెన దాటి వెళ్లేటప్పుడు కొట్ల బోర్డుల మీద అక్షరాలు చూసుకుని, బాగున్నవి ఇంటికొచ్చి నోట్‌బుక్కులో గీసుకునే అలవాటుంది. అది చెప్పు. కిందటి వారం ఏ బోర్డు గీశావో చెప్పు. వాళ్లు ఇంకో ప్రశ్న వేసినా నీ దగ్గర జవాబుంటుంది. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతావని కూడా చెప్పు, అందులో సిగ్గేమిటి?

కానీ ఒకటి, ఇది గట్టిగా చెబుతున్నాను. తెల్లవారుజామున నడకకి వెళ్తానని చెప్పినా ఎన్ని గంటలకో, ఏ రోడ్డులోనో చెప్పకు. ఒక్కదానివే ఉంటున్నావనీ చెప్పకు. నన్ను పాతకాలపుదాన్నని విసుక్కున్నా సరే. వేళకి తిను. ఒకసారి నూనె రాసుకోవడం మానేస్తే నీ జుట్టు ఏమవుతుందో తెలుసు కదా.

మామ్మ వాడిన వాలుగ దవడ నా పెట్టెలోనే ఉంది. నీతో పంపిద్దామనుకున్నాను గానీ రైల్లో పళ్లు విరిగిపోతాయేమో. సంక్రాంతికి రా, నీ చెయ్యి పట్టుకుని నేర్పిస్తాను.

మీ అత్త