బంతి తన్నడం కూడా ఉద్యోగమేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు అమెరికన్ ఫుట్‌బాల్ మీదే. ఆశ్చర్యం ఏముంది, మన నెల్లూరు, ఒంగోలు వైపు ఏ వీధిలో చూసినా ఒకరి బిడ్డ అక్కడే ఉంటాడు, చూసొద్దామని వెళ్లిన పెద్దవాళ్లు ఆదివారం పూట ఆ టీవీ ముందు ఇరుక్కుపోతారు.

ప్రశ్న: డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గర నాలుగు నెలలు ఉండొచ్చాను. ఆ హెల్మెట్ల ఆటలో ఒకడు ఆటంతా గట్టు మీదే తిరుగుతుంటాడు, ఎప్పుడో వచ్చి ఒక్క తన్ను తన్ని పోతాడు, ఒంటికి మట్టి కూడా అంటదు. కోట్లు ఇస్తారంట! ఇదేం ఉద్యోగమండీ? (రిటైర్డ్ టీచర్, కావలి)

జవాబు: మాస్టారూ, మీరు చూసింది డల్లాస్ కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీనే అయ్యుంటాడు. ఇది మీ అబ్బాయికి చెప్పకండి గానీ, ఆయన కూడా మొన్నటిదాకా సాఫ్ట్‌వేర్ ఇంజనీరే. ముందు మనం ఫుట్‌బాల్ అనే ఆట ఆడాడు, 2017లో టొరంటో క్లబ్ ఎంచుకుంది కూడా, అది కలిసిరాక ఉద్యోగంలో చేరిపోయాడు. 2019లో టీవీలో ఎవరో కిక్కర్‌ని చూస్తుంటే, ఇది నువ్వూ చెయ్యగలవు అని భార్య అందట. ఒక కోచ్‌ని వెతుక్కుని, ఉద్యోగం చేసుకుంటూనే ఏళ్ల తరబడి సాధన చేసి, 2022లో ఒక చిన్న లీగ్‌లో దూరి, 2023లో 28 ఏళ్ల వయసులో కౌబాయ్స్‌కి వచ్చాడు. వచ్చీ రాగానే మొదటి మ్యాచ్‌లో సులువైన ఒక పాయింట్ కిక్కే తప్పాడు. తర్వాత మాత్రం వరసగా 35 ఫీల్డ్ గోల్స్ (బంతిని పోస్టుల మధ్యగా తన్నడం) కొట్టాడు, కెరీర్ మొదట్లోనే అలా కొట్టినవాళ్లు అంతకుముందు లేరు.

ఇక ఆ ఒక్క తన్ను సంగతి. వెనక్కి విసిరిన బంతిని ఒకడు పట్టి నేల మీద నిలబెట్టాలి, మనవాడు పరుగెత్తుకొచ్చి తన్నాలి, ఇదంతా ఒకటింపావు సెకను, కాస్త అటూ ఇటూ. ఎదురుగా పదకొండు మంది ఏనుగుల్లా ఉరికొస్తుంటారు. పోస్టుల మధ్య సందు 18 అడుగుల 6 అంగుళాలు, అడ్డకర్ర ఎత్తు 10 అడుగులు. లోపలికి పోతే మూడు పాయింట్లు. టచ్‌డౌన్ (బంతిని అవతలివాళ్ల గీత దాటించడం) తర్వాత వచ్చే ఒక పాయింట్ కిక్ కూడా 2015 నుంచి 33 గజాల దూరం, అంటే ఒకటిన్నర క్రికెట్ పిచ్. నేనోసారి అడుగులు కొలుచుకుని మామూలు బంతితో తన్ని చూశాను. బంతి కంటే చెప్పు దూరం పోయింది.

డబ్బు మాట నిజమే. కాన్సాస్ సిటీ కిక్కర్ హారిసన్ బట్కర్‌కి 2024లో నాలుగేళ్లకి 2.56 కోట్ల డాలర్లు రాసిచ్చారు.

ప్రశ్న: ఆఖరి తన్ను తప్పితే ఉద్యోగం పోతుందని మా అల్లుడు చెప్పాడు, నిజమేనా? (గృహిణి, బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: పోతుందమ్మా, ఆఖరిదే కానక్కర్లేదు కూడా. కిక్కర్లను డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, ముందుగా తీసుకోవడమే అరుదు, అలాంటిది 2016లో టాంపా బే వాళ్లు రాబర్టో అగ్వాయోని రెండో రౌండ్‌లోనే తీసుకున్నారు. పిల్లాడు 31కి 22 కొట్టాడు, మరుసటి సీజన్ మొదలయ్యేలోపే ఇంటికి పంపేశారు. 1991 జనవరిలో సూపర్ బౌల్ (NFL అనే ఆ పెద్ద లీగ్ ఫైనల్) చివర్లో బఫెలో కిక్కర్ స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి తన్నాడు, బంతి కుడివైపు పోయింది, టీమ్ ఒక్క పాయింట్‌తో ఓడింది. ఆ తర్వాత ఆయన ఆడింది ఇంకొక్క సీజనే.

ఇది చాలదన్నట్టు, సరిగ్గా తన్నబోయే ముందు అవతలి కోచ్ టైమ్‌అవుట్ అడుగుతాడు, ఇంకాసేపు ఆలోచించుకుని టెన్షన్ పడమని. నాకైతే ఇది పరీక్ష హాల్లో పేపరిచ్చి మళ్లీ లాక్కున్నట్టుంటుంది.

కానీ ఆడమ్ వినటేరిని చూడండి. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, 1996లో ఆమ్‌స్టర్‌డామ్ టీమ్‌కి ఆడి, అదే ఏడు న్యూ ఇంగ్లండ్‌కి వచ్చాడు. 2002 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో టైం అయిపోతుండగా 48 గజాల కిక్‌తో గెలిపించాడు. మొత్తం 24 సీజన్లు, 2,673 పాయింట్లు, లీగ్‌లో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు. ఆయన తప్పినవి కూడా వందకు పైనే. తప్పిన మర్నాడు మళ్లీ వచ్చి ఏమీ జరగనట్టు తన్నగలగడం, అసలు జీతం దానికేనని నా అనుమానం.

ప్రశ్న: ఎంత దూరం నుంచి కొట్టారు? (సింగరాయకొండ)

జవాబు: 2021లో జస్టిన్ టక్కర్ 66 గజాలు, సరిగ్గా మూడు క్రికెట్ పిచ్‌లు, బంతి అడ్డకర్రకు తగిలి అవతల పడింది. 2025 నవంబరులో క్యామ్ లిటిల్ 68 చేశాడు. నాకు నచ్చేది మాత్రం టామ్ డెంప్సీ. పుట్టుకతోనే కుడి పాదానికి వేళ్లు లేవు, ఆ కాలితోనే 1970లో 63 గజాలు కొట్టాడు. ఇంకొకరు దాన్ని దాటడానికి 43 ఏళ్లు పట్టింది.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను, ఫుట్‌బాల్ బాగా తంతాను. ఇండియా నుంచి కిక్కర్ కావచ్చా సార్? (ఒంగోలు)

జవాబు: కావచ్చు నాయనా, కానీ లెక్క విను. లీగ్‌లో టీమ్‌లు 32, టీమ్‌కి మామూలుగా ఒక్కడే కిక్కర్, అంటే పోస్టులు 32. గ్రూప్-1 నోటిఫికేషనే నయం. బయటివాళ్లు వెళ్లకపోలేదు. నార్వే నుంచి యాన్ స్టెనెరూడ్ మంచు మీద స్కీ జంపింగ్ స్కాలర్‌షిప్‌తో మోంటానా వెళ్లి కిక్కరై, ఆ ఆట మహామహుల జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. డెన్మార్క్ నుంచి చదువుకోడానికి వెళ్లిన మోర్టెన్ ఆండర్సన్ 25 సీజన్లు ఆడాడు. 2024లో చార్లీ స్మిత్ అనే ఐరిష్ కుర్రాడికి న్యూ ఆర్లీన్స్ టీమ్ కాంట్రాక్ట్ ఇచ్చింది, అంతకుముందు వాడు ఆడింది ఐర్లండ్ వాళ్ల సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్.

కాబట్టి ఇంటర్ పూర్తిచెయ్, అమెరికా కాలేజీకి వెళ్లే దారి చదువుతోనే దొరుకుతుంది. ఈలోపు ఆ కోడిగుడ్డు ఆకారపు బంతి ఒకటి సంపాదించు, గుండ్రటి బంతి అలవాటు వేరు. నిలబెట్టడానికి ప్లాస్టిక్ స్టాండ్ కూడా దొరుకుతుంది, అదే కొనుక్కో. తమ్ముణ్ణి కూర్చోబెట్టి వేలితో పట్టుకోమన్నావంటే మీ అమ్మ నాకు ఉత్తరం రాస్తుంది.