చూద్దాం అన్న మేనేజరు, రూ.40 వేలు అడిగిన కన్సల్టెన్సీ

ప్రశ్న: 2023లో శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. అప్పటినుంచీ పైడిభీమవరంలో ఒక బల్క్ డ్రగ్ (మందుల్లో పనిచేసే అసలు రసాయనం) కంపెనీలో ప్రొడక్షన్‌లో పనిచేస్తున్నాను. కాంట్రాక్టరు కింద, మూడు షిఫ్టులు. క్యూసీకి (నాణ్యత పరీక్షించే ల్యాబుకి) మారతానని మేనేజరుని అడిగితే ‘చూద్దాం’ అంటున్నారు. క్యూసీలో అనుభవం ఉన్నట్టు లెటరు ఇచ్చి ఉద్యోగం చూపిస్తామని, రూ.40 వేలు కట్టమని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేస్తున్నారు. ఇంట్లో వాళ్ళు ఇది మానేసి గ్రూప్స్ కోచింగుకి వెళ్ళమంటున్నారు. ఎమ్మెస్సీ చేస్తే మేలా? టెన్షన్‌గా ఉంది.
– పొందూరు మండలం నుంచి ఒక యువకుడు

జవాబు: మీ ఉత్తరంలో మేనేజరు మాట ఉంది, కన్సల్టెన్సీ మాట ఉంది, ఇంట్లో వాళ్ళ మాట ఉంది. మీరు రోజూ ప్లాంటులో ఏం పని చేస్తారో మాత్రం ఒక్క ముక్క లేదు. రేపు ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా మొదట అడిగేది అదే.

కన్సల్టెన్సీ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. తప్పా ఒప్పా అన్న చర్చ దాకా వెళ్ళక్కర్లేదు, సులువుగా దొరికిపోతారు. పీఎఫ్ యూఏఎన్ నంబరు ఇస్తే చాలు, మీరు ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఎవరి దగ్గర పనిచేశారో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. పేరున్న కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు అది చూస్తాయి. లెటరులో ఒక కంపెనీ, పీఎఫ్‌లో ఇంకో కంపెనీ కనబడితే ఆఫరు పోవడమే కాదు, ఫార్మా హెచ్చార్ వాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళు కాబట్టి పేరు కూడా పోతుంది. పనికొచ్చే కన్సల్టెన్సీ ఏదైనా సరే ఫీజు కంపెనీ దగ్గర తీసుకుంటుంది, మీ దగ్గర కాదు.

ఇప్పుడు అదే సర్వీస్ హిస్టరీని మీరే ఒకసారి తెరిచి చూడండి. యజమానిగా కాంట్రాక్టరు పేరుంటుందా, కంపెనీ పేరుంటుందా? మధ్యలో కాంట్రాక్టరు మారితే ఆ మార్పు ఎక్కిందా? పాస్‌బుక్‌లో నెలనెలా డబ్బు పడుతోందా? జీతంలో కోసుకుంటూ ఖాతాలో వేయకపోతే ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లోనే ఫిర్యాదు పెట్టవచ్చు. కాంట్రాక్టరు కట్టకపోతే అసలు కంపెనీదే బాధ్యత. ‘ఏటి బాబూ, ఇంకా పర్మినెంటు అవలేదా’ అని ఊళ్ళో అడిగేవాళ్ళ సంగతి వదిలేయండి. మీ అనుభవానికి కాగితం మీద రుజువుందా అన్నదే ప్రస్తుతం ముఖ్యం. అపాయింట్‌మెంట్ లెటరు, పే స్లిప్పులు, ట్రైనింగ్ రికార్డుల్లో మీ పేరు. ఉన్నవి దాచుకోండి, లేనివి ఇప్పుడే అడగండి. మానేశాక అడిగితే ఎవరూ పలకరు.

తర్వాత రెజ్యూమే. ‘వర్కింగ్ ఇన్ ప్రొడక్షన్ డిపార్ట్‌మెంట్’ అని ఒక్క లైను రాసి వదిలేస్తారు మన పిల్లలు. చూసేవాళ్ళకి దానివల్ల ఏమీ తెలియదు. ఎన్ని లీటర్ల రియాక్టర్ల మీద చేశారు? గ్లాస్ లైన్డా, స్టెయిన్‌లెస్ స్టీలా? ఛార్జింగ్ నుంచి సెంట్రిఫ్యూజ్, డ్రయ్యరు దాకా ఏ దశలు మీ చేతి మీదుగా నడిచాయి? బీఎంఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు) మీరే నింపుతారా? డీవియేషన్ (రాసి ఉన్న పద్ధతి నుంచి తేడా) వస్తే ఎవరికి చెప్పారు, ఏం రాశారు? ఆడిట్ జరిగినప్పుడు మీ బ్లాకులో ఉన్నారా? ఇవి రాయండి. కంపెనీ ప్రాడక్టు వివరాలు, ప్రాసెస్ పారామీటర్లు మాత్రం రాయకండి. అవి బయటపెట్టేవాడిని ఏ కంపెనీ కూడా నమ్మదు.

అసలు విషయం క్యూసీ. ప్రొడక్షన్ నుంచి నేరుగా క్యూసీకి వెళ్ళడం కష్టం. వాళ్ళు హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏముందో, ఎంతుందో కొలిచే పరికరం) మీద చెయ్యి తిరిగినవాళ్ళనైనా తీసుకుంటారు, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన ఫ్రెషర్లనైనా తీసుకుంటారు. మధ్యలో ఉన్న మీ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోరు. కానీ ఐపీక్యూఏ (తయారీ జరుగుతుండగానే నాణ్యత చూసే విభాగం) అనే దారి ఒకటుంది, దాని గురించి మీ ఉత్తరంలో లేదు. లైన్ క్లియరెన్స్ (బ్యాచ్ మొదలుపెట్టే ముందు అంతా శుభ్రంగా ఉందని చూసి ఇచ్చే అనుమతి) ఇచ్చేది, బీఎంఆర్ సరిచూసేది, ఇన్‌ప్రాసెస్ శాంపిళ్ళు చూసుకునేది వాళ్ళే కదా. బ్యాచ్ ఎక్కడ తేడా కొడుతుందో ప్రొడక్షన్‌లో చేసినవాడికి తెలిసినంతగా వాళ్ళలో కొత్తవాళ్ళకి తెలియదు. మీ అనుభవానికి విలువ దొరికేది అక్కడే. నా సలహా అడిగితే క్యూసీ కంటే ముందు దీన్నే ప్రయత్నించమంటాను.

అందుకే మేనేజరుని మళ్ళీ అడగండి, ఈసారి వేరేలా. ‘క్యూసీకి మార్చండి సార్’ అంటే ‘చూద్దాం’ తప్ప ఆయన మాత్రం ఏమంటారు? ఐపీక్యూఏలో ఖాళీ వస్తే లోపలి వాళ్ళకి అవకాశం ఇస్తారా, కాంట్రాక్టు వాళ్ళని కంపెనీ రోల్స్‌లోకి తీసుకునే పద్ధతి ఉందా, నాలో ఏం తక్కువైంది అని అడగండి. కాంట్రాక్టు వాళ్ళని ఎప్పుడూ తీసుకోలేదని తేలితే అది కూడా మంచిదే, ఇక బయట వెతకడమే.

క్యూసీయే కావాలని గట్టిగా ఉంటే కోర్సు సర్టిఫికెట్టుతో పని అవదు. మీరు హెచ్‌పీఎల్‌సీ తాకారా లేదా అన్నది రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది. సిస్టమ్ సూటబిలిటీ (టెస్టుకి ముందు పరికరం తనిఖీ) ఎందుకు చేస్తారు? ఫలితం స్పెసిఫికేషన్ దాటితే మొదట ఏం చేస్తారు? మళ్ళీ టెస్ట్ చేస్తానన్నారంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. సొల్యూషన్లు పారబోయకుండా ఉంచి, సూపర్‌వైజరుకి చెప్పి, ల్యాబులో పొరపాటు జరిగిందేమో ముందు విచారించాలి. కాబట్టి కోర్సుకి డబ్బు కట్టేముందు, పరికరం మీద ఒక్కొక్కరికి ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. చుట్టూ నిలబెట్టి చూపించేదైతే అనవసరం. ఐసీహెచ్ అనే అంతర్జాతీయ సంస్థది క్యూ7 అని బల్క్ డ్రగ్స్ తయారీకి సంబంధించిన మార్గదర్శకం ఉంది, వాళ్ళ వెబ్‌సైటులో ఉచితం. మీ ప్లాంటులో రోజూ పాటిస్తున్న రూల్సు ఎందుకు పెట్టారో దానిలో దొరుకుతుంది. ఐపీక్యూఏకి అయినా అది చదవాల్సిందే.

ఎమ్మెస్సీ గురించి చిన్న మాట. ఆర్ అండ్ డీలోనో క్యూసీలోనో స్థిరపడాలని ఉంటే ఏపీ పీజీసెట్ రాసి రెగ్యులర్‌గా ఆర్గానిక్ గానీ అనలిటికల్ గానీ చేయండి. నైట్ షిఫ్టులు తప్పించుకోవడానికైతే వద్దు.

గ్రూప్స్ మాట ఇంట్లో ఎందుకంటున్నారో అర్థమవుతుంది. గవర్నమెంటు ఉద్యోగం అంటే మన ప్రాంతంలో ఇప్పటికీ వేరే గౌరవం. కానీ ఒక లెక్క నాన్నగారి ముందు పెట్టండి. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వస్తే మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. దాని ముందు నోటిఫికేషన్ 2018లోది. జీతం మానేసి ఎంతకాలం కూర్చోగలరో, ఆ ఖర్చు ఎవరు పెడతారో ఇంట్లో తేల్చుకోకుండా రాజీనామా చేయకండి. ఆసక్తి ఉంటే ఉద్యోగం చేస్తూనే చదవండి. షిఫ్టులతో కష్టమే, కాదనను.

బయట వెతకడం మొదలుపెడితే వాక్‌ఇన్ (నేరుగా హాజరయ్యే) ఇంటర్వ్యూలకి వెళ్ళండి. పరవాడ, అచ్యుతాపురం కంపెనీలు ఎక్కువగా ఆదివారాల్లోనే పెడుతుంటాయి. ప్రకటనలో ఏపీఐ (అంటే మీ బల్క్ డ్రగ్సే) అని ఉందో ఫార్ములేషన్స్ (మాత్రలు, ఇంజెక్షన్ల తయారీ) అని ఉందో చూసుకుని బస్సెక్కండి, లేకపోతే లైనులో నిలబడి వెనక్కి రావడమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అక్కడ వదిలి రాకండి. జీతం మాట్లాడేటప్పుడు సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) చెబుతారు. పీఎఫ్, బస్సు, క్యాంటీన్ పోగా చేతికి ఎంత వస్తుందో, అక్కడే ఉండాల్సి వస్తే గది అద్దె ఎంతో లెక్కేసుకోండి. ఇప్పుడు ఇంటినుంచే పైడిభీమవరం వెళ్ళి వస్తున్నట్టయితే, రెండు మూడు వేలు పెరిగినంత మాత్రాన మిగిలేదేమీ ఉండకపోవచ్చు. ఆఫర్ లెటరు చేతికొచ్చాక రాజీనామా ఇవ్వండి. నోటీసు పీరియడ్ పూర్తి చేసి, రిలీవింగ్ లెటరు, చివరి నెల పే స్లిప్పు తీసుకున్నాకే కొత్త చోట చేరండి.