ఒకే మందున్న జెనరిక్ గర్భనిరోధక మాత్రకు మారితే పనిచేస్తుందా?

మూడేళ్లుగా ఒకే బ్రాండ్ వాడుతున్నారు. ఈసారి షాపులో అదే మందున్న జెనరిక్ ఇచ్చారు. గర్భం రాకుండా ఆపుతుందా, మధ్యలో రక్తం కనబడుతుందా అన్నది మీ భయం. మందు నిజంగా అదే అయితే బ్రాండ్ ఆపినట్టే ఇదీ ఆపుతుంది. కానీ 'అదే మందు' అన్నది షాపువాళ్ల మాట మీద వదిలేయకండి. పాత అట్ట, కొత్త అట్ట పక్కపక్కన పెట్టుకుని మీరే చదవండి. పొరపాట్లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కంపెనీది. మీరు చూడాల్సింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, మోతాదు. మామూలు పిల్‌లో రెండు హార్మోన్లుంటాయి. ఒకటి ఈస్ట్రోజెన్, చాలావాటిలో అది ఇథినైల్ ఈస్ట్రడయోల్, 20, 30 లేదా 35 మైక్రోగ్రాములు. రెండోది ప్రొజెస్టిన్: లెవోనార్జెస్ట్రెల్, డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరెనోన్ లాంటిది. రెండు పేర్లూ, రెండు అంకెలూ కలవాలి. ఒక అట్ట మీద 0.03 మిల్లీగ్రాములు, ఇంకోదాని మీద 30 మైక్రోగ్రాములు అని ఉంటే కంగారు వద్దు, రెండూ ఒకటే. 0.02, 0.03 అని ఉంటే మాత్రం అది వేరే మాత్ర. బ్రాండ్లలోనే చూడండి: యాస్మిన్, యాజ్ రెండింట్లోనూ డ్రోస్పిరెనోన్ 3 మిల్లీగ్రాములే. కానీ యాస్మిన్‌లో ఈస్ట్రోజెన్ 30, యాజ్‌లో 20. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఒకటి తీసుకోకూడదు.

తర్వాత మాత్రలు లెక్కపెట్టండి. 21 ఉంటే అన్నీ హార్మోన్ మాత్రలే, అయ్యాక 7 రోజులు ఆపాలి. 28 ఉంటే రోజూ వేసుకుంటూ పోవడమే. అందులో హార్మోన్ లేనివి కొన్నిట్లో 7, కొన్నిట్లో 4. రంగును నమ్ముకోవద్దు. మీ పాత స్ట్రిప్‌లో తెల్లవి హార్మోన్ లేనివైతే కొత్తదాంట్లో తెల్లవే అసలు మందు కావచ్చు. 2011లో అమెరికాలో ఒక కంపెనీ మాత్రల కార్డులు తలకిందులుగా ప్యాక్ అయ్యి, వారాల వరుస తారుమారై, ఆ బ్యాచ్‌లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే కొత్త ప్యాకెట్ విప్పగానే లోపలి కాగితంలోని బొమ్మతో స్ట్రిప్‌ను సరిపోల్చుకోండి.

'జెనరిక్‌లో 20 శాతం తక్కువ మందుంటుంది' అన్న మాట చాలామంది నమ్ముతారు. అది తప్పు. జెనరిక్‌ను బ్రాండ్‌తో సమానమని ఒప్పుకోవడానికి పెట్టిన 80 నుంచి 125 శాతం హద్దు మాత్రలో ఉండే మందు గురించి కాదు. అదే మనుషులకు రెండు మాత్రలూ వేరువేరుగా ఇచ్చి, రక్తంలోకి మందు మొత్తం ఎంత చేరింది, దాని మోతాదు గరిష్ఠంగా ఎంత పైకి వెళ్లింది అని కొలిచి, జెనరిక్‌ను బ్రాండ్‌తో పోలుస్తారు. ఆ నిష్పత్తి ఒక్కటే కాదు, లెక్కలో ఉండే అనిశ్చితితో సహా మొత్తం వ్యవధి ఆ హద్దుల్లో ఇమడాలి. అలా ఇమడాలంటే సగటు తేడా చాలా చిన్నదిగా ఉండాల్సిందే.

తేడా ఉండేది రంగుల్లో, పూతల్లో, పిండి, లాక్టోజ్ లాంటి కలుపుడు పదార్థాల్లో. ఫలానా రంగు పడదని ముందే తెలిసినవాళ్లు ఆ జాబితా చదవాలి. మిగతావాళ్లకు దాంతో పనిలేదు.

ఇక మారే పద్ధతి. మందు అదే అయితే పాత స్ట్రిప్ అయిపోయి, ఆపాల్సిన రోజులేవైనా ఉంటే అవి గడిచాక, కొత్తది మామూలుగా మొదలుపెట్టండి. మోతాదు లేదా ప్రొజెస్టిన్ మారుతుంటే డాక్టర్‌తో మాట్లాడి, పాతదాంట్లో చివరి హార్మోన్ మాత్ర వేసుకున్న మర్నాడే కొత్తది వేసుకోండి, విరామం వద్దు. హార్మోన్ లేని రోజులు 7 దాటకూడదు. అండాశయం మళ్లీ మేలుకునేది ఆ అదనపు రోజుల్లోనే. షాపులో దొరకలేదని రెండు రోజులు ఆగడం జెనరిక్‌కు మారడం కన్నా చాలా ప్రమాదం. స్ట్రిప్‌లో ఇంకా వారం రోజులవి ఉండగానే తర్వాతది తెచ్చుకోండి.

మారాక రక్తపు చుక్కలు కనబడితే నింద కొత్త కంపెనీ మీదికే పోతుంది. ముందు ఇవి చూసుకోండి: మాత్ర తప్పిందా, వేసుకున్న 3 గంటల్లోపు వాంతైందా, కొత్తగా వేరే మందు మొదలైందా? రిఫాంపిసిన్, ఫెనిటాయిన్, కార్బమజెపైన్ పిల్‌ను బలహీనం చేస్తాయి. అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్ చేయవు. వాంతైతే ఇంకో మాత్ర వేసుకోండి. ఒక్క మాత్ర తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని కొనసాగించండి, ఆ రోజు రెండు వేసుకోవాల్సి వచ్చినా సరే. వరుసగా రెండో అంతకన్నా ఎక్కువో తప్పితే ఆఖరున తప్పినది ఒక్కటి వేసుకుని, వరుసగా 7 రోజులు మాత్రలు పడేదాకా కండోమ్ వాడండి. అది హార్మోన్ మాత్రల చివరి వారమైతే విరామం లేకుండా నేరుగా తర్వాతి స్ట్రిప్‌లోకి వెళ్లండి. మొదటి వారంలో తప్పి, అంతకు ముందు 5 రోజుల్లో కలయిక జరిగి ఉంటే అత్యవసర గర్భనిరోధక మాత్ర గురించి వెంటనే అడగండి. ఇవేవీ లేకుండా 3 నెలలు దాటినా చుక్కలు ఆగకపోతే డాక్టర్‌ను కలవండి.

ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న పిల్ వాడేవాళ్లకు గడియారం ఇంకా ముఖ్యం. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాములదానికి 12 గంటల వెసులుబాటు, పాతకాలపు నోరెథిస్టెరోన్‌దానికి 3 గంటలే. అది ఇదీ ఒకటే రకం అని ఎవరైనా మార్చి ఇస్తే తీసుకోకండి.

నా సలహా: జెనరిక్‌కు మారండి, కానీ నెలకో కంపెనీది కాకుండా ఒకదానికే కట్టుబడండి. మందులో తేడా వస్తుందని కాదు. ప్రతి నెలా రంగు, అమరిక మారితే పొరపాటున హార్మోన్ లేని మాత్ర ముందు వేసుకునే అవకాశం పెరుగుతుంది.

బ్రాండా జెనరికా అన్నదానికన్నా పెద్ద తేడా ప్రొజెస్టిన్‌లో ఉంది. ఏడాదికి 10,000 మంది ఆడవాళ్లలో సిరల్లో రక్తం గడ్డకట్టేది పిల్ వాడనివాళ్లలో 2 మందికి, లెవోనార్జెస్ట్రెల్ ఉన్నదానితో 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరెనోన్ లేదా డెసోజెస్ట్రెల్ ఉన్న రెండు హార్మోన్ల పిల్‌తో 9 నుంచి 12 మందికి. 35 దాటి పొగతాగేవాళ్లు, కళ్లముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు, బీపీ ఎక్కువున్నవాళ్లు, ఇంతకుముందు గడ్డకట్టినవాళ్లు ఏ కంపెనీదైనా ఈస్ట్రోజెన్ పిల్ సొంతంగా మొదలుపెట్టకూడదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఛాతీలో నొప్పో ఆయాసమో వచ్చినా, మాట తడబడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లండి.