నెట్ ఆగిపోతే సంతోషించు

అమ్మడూ,

ఉద్యోగం మానేసి సొంతంగా రిపోర్టింగ్ చేస్తానన్నావట, అదీ కంపెనీల లోపలి గుట్టు బయటపెట్టే వార్తలట. మీ అమ్మ ఫోన్లో చెప్తూ ఏడ్చేసింది. నేనేమో ఆ రోజు కనిపించిన ప్రతి ఒక్కరికీ మా అమ్మాయి రిపోర్టరని చెప్పుకున్నాను. రాత్రయ్యాక మాత్రం నిద్ర పట్టలేదు. నీకేదో అవుతుందని కాదు, నీకు నోరుంది, చదువుంది, బతికేస్తావు. నిన్ను నమ్మి కాగితాలు పంపేవాళ్లు ఉంటారే, నా టెన్షన్ అంతా వాళ్ల గురించి.

"వీపీఎన్ పెట్టుకున్నాను కదా, పెద్దమ్మకి చెప్పు" అన్నావట. ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది, వీపీఎన్ తెగిన క్షణంలో నెట్‌నే ఆపేసే కిల్ స్విచ్ గురించి.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుకో, అప్‌డేట్లు వాయిదా వెయ్యకు, పాస్‌వర్డ్ మేనేజర్ వాడు, పనికీ సొంతానికీ ఒకే ఖాతా వాడకు. ఇవి నీకు తెలిసినవే, ఇక వీటి జోలికి పోను.

వీపీఎన్ అంటే నీ ట్రాఫిక్‌ని తాళం వేసిన సొరంగంలో, అదే టన్నెల్‌లో, తన సర్వర్ దాకా తీసుకెళ్లి నీ అసలు అడ్రస్ దాచేదేగా. అది తెగడం వింతేమీ కాదు. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారితే తెగుతుంది, ల్యాప్‌టాప్ మూత వేసి తెరిస్తే తెగుతుంది, అవతల సర్వర్‌ని వాళ్లు రీస్టార్ట్ చేసినా తెగుతుంది. తెగాక ఏమవుతుందన్నదే అసలు సంగతి. వీపీఎన్ ఆన్ చేస్తే నీ సిస్టమ్‌లో ఒక కొత్త నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పుడుతుంది. బయటికి వెళ్లేవన్నీ దాని గుండా వెళ్లాలని రౌటింగ్ టేబుల్‌లో, అంటే ఏది ఏ దారిన వెళ్లాలో చెప్పే పట్టికలో, రాసుకుంటుంది. ఓపెన్‌వీపీఎన్ అనే ప్రోగ్రామ్‌నే తీసుకో. అది సాధారణంగా పాత డిఫాల్ట్ రూట్‌ని, అంటే వేరే దారి చెప్పనప్పుడు వాడే మామూలు దారిని, చెరపదు. 0.0.0.0/1 అని ఒకటి, 128.0.0.0/1 అని ఒకటి, రెండు రూట్లు అదనంగా చేరుస్తుంది. ఐపీవీ4 అనే పాత రకం ఇంటర్నెట్ అడ్రసులన్నీ చెరి సగంగా ఆ రెండింటిలోకి వచ్చేస్తాయి. డిఫాల్ట్ కంటే ఇవి నిర్దిష్టమైనవి కాబట్టి సిస్టమ్ వీటినే పట్టుకుంటుంది. టన్నెల్ ఇంటర్‌ఫేస్ పోయిందంటే ఆ రెండు రూట్లూ దానితోపాటే పోతాయి. పాత డిఫాల్ట్ రూట్ మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. సిస్టమ్ దాని పని అది చక్కగా చేస్తుంది, ఉన్న దారిలో ప్యాకెట్లు పంపించేస్తుంది. నీ అసలు ఐపీ అడ్రస్‌తో. ఎర్రర్ రాదు, పేజీ ఆగదు. సైట్ పేరు చెప్పి దాని అడ్రస్ అడిగే డీఎన్ఎస్ ప్రశ్నలు కూడా నువ్వు కూర్చున్న చోటి నెట్‌వర్క్‌కే వెళ్లిపోవచ్చు, అంటే నువ్వు ఏ సైట్ పేరు అడిగావో వాళ్లకి తెలుస్తుంది. హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అంటావు. అది నువ్వు ఏం చదివావో దాస్తుంది, ఎక్కడి నుంచి వచ్చావో దాచదు.

ఇప్పుడు ఒక కథ చెప్తాను. మీ అమ్మకి కూడా ఇది తెలియదు.

నేను నెట్‌వర్క్స్ చూసిన ఒక సంస్థలో, భద్రతా తనిఖీలు చెయ్యకుండానే చేసినట్టు రికార్డులు రాస్తున్నారని ఎవరో ఫిర్యాదు చెయ్యడం మొదలుపెట్టారు. ఫిర్యాదుల కోసం సంస్థ వెబ్‌సైట్‌లోనే ఒక పోర్టల్ ఉండేది, అందులో మారుపేరుతో ఖాతా తెరిచారు. రాసిన విషయాలు లోపలి మనిషికి తప్ప తెలియవు. ఎవరో పట్టుకోవాలని పైవాళ్లు పట్టుబట్టారు, లాగ్స్, అంటే ఎవరు ఎప్పుడు ఏ అడ్రస్ నుంచి వచ్చారో సర్వర్ రాసుకునే రికార్డులు, తియ్యమని నాకు చెప్పారు. తీశాను. ఎందుకు తీశావని నువ్వు అడుగుతావని తెలుసు, అది కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

ఆ ఖాతా వాడే మనిషి చాలా జాగ్రత్తపరుడు. లాగిన్ అయిన ప్రతిసారీ ఒక వీపీఎన్ కంపెనీ సర్వర్ అడ్రస్సే కనిపించింది. ఆఫీసు టైములో ఒక్కసారీ లాగిన్ కాలేదు. రాసే తీరు కూడా మార్చుకున్నాడు. పేజీల కొద్దీ లాగ్ చూశాను, అంతటా అదే అడ్రస్. పైవాళ్లకి ఏమీ దొరకలేదని చెప్పొచ్చు అనుకుంటూ కిందకి జరుపుతున్నాను. ఒక సాయంత్రం దగ్గర మూడు లైన్లలో అడ్రస్ వేరేగా ఉంది. దానికి ముందు లైనులో వీపీఎన్ అడ్రస్, తర్వాత లైనులో మళ్లీ వీపీఎన్ అడ్రస్. మధ్యలో ఈ మూడు. ఈ ఐదు లైన్లలోనూ సెషన్ నంబర్, అంటే ఒకసారి లాగిన్ అయినప్పుడు ఇచ్చే గుర్తు, ఒకటే, అంటే మనిషి మారలేదు, దారి మారింది.

ఆ మూడు లైన్లలో అతను చేసిందేమీ లేదు, అమ్మడూ. ఏమీ టైప్ చెయ్యలేదు, దేన్నీ నొక్కలేదు. ఆ పోర్టల్ పేజీ తెరిచి ఉంటే చాలు, కొత్త జవాబు వచ్చిందా అని నిమిషానికోసారి సర్వర్‌ని తనంతట తానే అడుగుతుంది. ట్యాబ్ తెరిచి వదిలేసి ఏ పక్క గదిలోకో వెళ్లి ఉంటాడు. వీపీఎన్ తెగింది. పేజీ అడిగింది, మళ్లీ అడిగింది, మళ్లీ అడిగింది. ఈలోగా వీపీఎన్ దానంతటదే తిరిగి కలిసింది. అతను వెనక్కొచ్చి చూసేసరికి స్క్రీన్ మీద అంతా మామూలే. తెగిందన్న సంగతే అతనికి తెలిసి ఉండదు.

ఆ అడ్రస్ ఎవరిదో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేదు, ఇంటర్నెట్ కంపెనీకి ఉత్తరమూ అక్కర్లేదు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవాళ్ల లాగిన్ రికార్డులు మా దగ్గరే ఉన్నాయి. అందులో వెతికితే అదే అడ్రస్, అదే వారం, ఒక పేరు పక్కన. ఆ నెలాఖరుకి అతన్ని పంపేశారు, కాగితం మీద కారణం ఇంకేదో రాశారు.

అతని దగ్గర ఖరీదైన వీపీఎన్ ఉంది. లేనిదల్లా కిల్ స్విచ్, లేదా ఉండీ ఆన్ చెయ్యలేదేమో. అందుకే నువ్వు "వీపీఎన్ ఉంది కదా" అంటే నాకు ఆ మూడు లైన్లే గుర్తొచ్చాయి.

కిల్ స్విచ్ అంటే పెద్ద మాయేమీ కాదు. లిఫ్టు బ్రేకు చూడు, కరెంటు ఉన్నంతసేపే అది తెరుచుకుని ఉంటుంది, కరెంటు పోతే దానంతటదే పట్టేస్తుంది. మంచి కిల్ స్విచ్ కూడా అంతే. టన్నెల్ గుండా వెళ్లేవి, టన్నెల్ కట్టడానికి వీపీఎన్ సర్వర్‌కి వెళ్లేవి, ఇంకా అడ్రస్ తీసుకోవడంలాంటి కొన్ని తప్పనిసరి పనులు, వీటికి తప్ప మిగతా దేనికీ ఫైర్‌వాల్, అంటే ఏది వదలాలో ఏది ఆపాలో చూసే కాపలా, దారి ఇవ్వదు. టన్నెల్ ఉన్నా లేకపోయినా ఆ నియమం మారదు. టన్నెల్ పోతే నెట్ పోతుంది. ఆ మూడు ప్రశ్నలూ అతని ల్యాప్‌టాప్ దాటి బయటికి వచ్చేవి కావు.

కాకపోతే ఆ పేరుతో అమ్మేదంతా ఇదే పని చెయ్యదు. కొన్ని యాప్‌లు వీపీఎన్ తెగిందని కనిపెట్టాక అప్పుడు నువ్వు చెప్పిన ప్రోగ్రాములను మూసేస్తాయి. కనిపెట్టేలోపు వెళ్లాల్సింది వెళ్లిపోతుంది. నీకు కావాల్సింది ముందు నుంచే అడ్డం కట్టి ఉంచే రకం. ఇంకో తిరకాసు, డిస్‌కనెక్ట్ బటన్ నువ్వే నొక్కితే చాలా యాప్‌లు అది నీ ఇష్టమనుకుని అడ్డు తీసేస్తాయి. ముల్వాడ్ అనే వీపీఎన్‌లో లాక్‌డౌన్ మోడ్, ప్రోటాన్ వీపీఎన్‌లో అడ్వాన్స్‌డ్ కిల్ స్విచ్ అని ఉంటాయి, అవైతే నువ్వు డిస్‌కనెక్ట్ చేసినా నెట్ వదలవు. విండోస్‌లో వైర్‌గార్డ్ అనే ఇంకో రకం వీపీఎన్‌ని దాని సొంత యాప్‌తో వాడితే, ట్రాఫిక్ అంతా టన్నెల్‌లోకి పంపేలా పెట్టుకున్నప్పుడు, టన్నెల్ సెట్టింగుల్లోనే కిల్ స్విచ్ టిక్ ఉంటుంది. ఏది వాడినా కొత్త రకం అడ్రసులైన ఐపీవీ6ని కూడా అది ఆపుతుందో లేదో చూడు. ఐపీవీ4కి తాళం వేసి ఐపీవీ6ని వదిలేసిన వీపీఎన్‌లు నేను చూశాను.

సెట్టింగ్ ఆన్ అని చూపిస్తే నమ్మకు, పరీక్షించు. పని ఖాతాలన్నీ మూసేసి, వీపీఎన్ కలిపి, ఒక కమాండ్ కిటికీలో 1.1.1.1 అడ్రస్‌కి ఆగకుండా పింగ్ పెట్టు, అంటే ఉన్నావా అని అడిగి జవాబు చూసే కమాండ్. ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి వీపీఎన్ ప్రోగ్రామ్‌ని బలవంతంగా చంపెయ్యి. జవాబులు ఆగిపోవాలి. ఆగకపోతే నీ ఐపీ చూపించే పేజీ ఏదైనా తెరిచి చూడు. వీపీఎన్ అడ్రసే వస్తే టన్నెల్ ఇంకా బతికే ఉందని అర్థం. నీ సొంత అడ్రస్ వస్తే ఆ యాప్‌ని అక్కడికక్కడే తీసెయ్. తర్వాత మూత వేసి తెరిచి చూడు, వైఫై మార్చి చూడు, రీస్టార్ట్ చేసి చూడు. సిస్టమ్ లేచి వీపీఎన్ ఇంకా లేవని ఆ కొద్ది క్షణాల్లోనే మెయిల్, క్లౌడ్ ఫోల్డర్ అన్నీ పరిగెడతాయి. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చెయ్. బద్ధకించావని తెలిస్తే నేనే వచ్చి కూర్చుంటాను.

ఇంత చేసినా కిల్ స్విచ్‌ని చంపేది ఎక్కువసార్లు నువ్వే. హోటల్లో దిగుతావు, అలసిపోయి ఉంటావు, గంటలో కాపీ పంపాలి. వైఫై లాగిన్ పేజీ తెరుచుకోదు, ఎందుకంటే టన్నెల్ లేనిదే ఏదీ బయటికి పోకూడదని నువ్వే పెట్టావు, లాగిన్ కానిదే టన్నెల్ రాదు. విసుగొచ్చి కిల్ స్విచ్ తీసేస్తావు. ఆ నిమిషంలో వెనకాల ఉన్న ప్రతి యాప్ తన సర్వర్‌ని పలకరించి వస్తుంది. మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోతావు కూడా, చిన్నప్పుడు బడికి పెన్సిల్ డబ్బా మర్చిపోయినట్టే. అందుకని పని ల్యాప్‌టాప్‌తో అలాంటి వైఫైలోకి వెళ్లనే వెళ్లకు, మొబైల్ హాట్‌స్పాట్ వాడు. ఒక్కటి గుర్తుంచుకో. ఫోన్‌లో వీపీఎన్ ఉంది కదా, హాట్‌స్పాట్‌కి కలిపిన ల్యాప్‌టాప్‌కీ అదే సరిపోతుందనుకోకు. మామూలుగా ఆ ట్రాఫిక్ ఫోన్ వీపీఎన్‌లోకి వెళ్లదు. ల్యాప్‌టాప్‌కి దాని వీపీఎన్, దాని కిల్ స్విచ్ వేరే ఉండాల్సిందే.

ఫోన్ ఆండ్రాయిడ్ అయితే సగం పని సిస్టమే చేస్తుంది. వీపీఎన్ సెట్టింగుల్లో ఆల్వేస్ ఆన్, దాని కిందే వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపే స్విచ్, రెండూ వెయ్యి. అయినా నెట్ పనిచేస్తోందా అని ఫోన్ చేసే చిన్న పరీక్ష మాత్రం టన్నెల్ బయటే వెళ్తోందని 2022లో ముల్వాడ్ వాళ్లు చూపించారు. నీ మెసేజీలు వెళ్లవు కానీ ఫోన్ ఆ నెట్‌వర్క్‌లో ఉందని తెలుస్తుంది. ఐఫోన్ సంగతి వేరు. వీపీఎన్ ఆన్ చేసేముందే తెరిచి ఉన్న కొన్ని కనెక్షన్లు పాత దారిలోనే సాగుతున్నాయని 2020లో ప్రోటాన్ వాళ్లు బయటపెట్టారు. సున్నితమైన పని ఐఫోన్ మీద చెయ్యకు అనే నేనైతే చెప్తాను, నువ్వు వినవని తెలిసినా.

2024 మే నెలలో టన్నెల్‌విజన్ అని ఒక దాడి పద్ధతి బయటపడింది. వైఫై నడిపేవాడు దుర్మార్గుడైతే, నీకు అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీలోనే 121వ ఆప్షన్ ద్వారా తనకి నచ్చిన రూట్లు కూడా అంటగట్టి, ట్రాఫిక్‌ని టన్నెల్ బయటికి లాగెయ్యొచ్చు. వీపీఎన్ తెగదు, కలిసే ఉన్నట్టు చూపిస్తుంది. తెగడాన్ని కనిపెట్టే రకం కిల్ స్విచ్ ఇక్కడ ఎందుకూ కొరగాదు. ఫైర్‌వాల్ రకమైతే బయటికి లాగిన ప్యాకెట్లను అక్కడే ఆపేస్తుంది. అందుకే ఆ రకమే కావాలని ఇందాక అంత పట్టుబట్టాను.

దీన్ని ఎక్కువ ఊహించుకోకు కూడా. నీ పేరుతో లాగిన్ అయితే ఏ కిల్ స్విచ్చూ నిన్ను దాచదు. నువ్వు వెళ్లే సైట్లు వీపీఎన్ కంపెనీకి కనిపిస్తూనే ఉంటాయి. నిజంగా ప్రాణం మీదికొచ్చే వ్యవహారమైతే నీకు రాసేవాళ్లని టోర్ వాడమని చెప్పు, అది ట్రాఫిక్‌ని చాలా సర్వర్ల గుండా తిప్పి ఎక్కడి నుంచి వచ్చిందో దాచే నెట్‌వర్క్. మీ ఎడిటర్‌తో మాట్లాడు.

ఆఖరుది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. నీ ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ పెట్టుకుని నీకు రాసేవాళ్లని వదిలెయ్యకు. పట్టుబడేది వాళ్లు. మొదటి కాగితం తీసుకోకముందే చెప్పు: ఆఫీసు మెషీన్ వాడొద్దు, ఆఫీసుకి లాగిన్ అయ్యే ఇంటి నెట్ వాడొద్దు, కిల్ స్విచ్ వెయ్యాలి, పని అయిపోగానే ట్యాబ్ మూసెయ్యాలి. ఇవన్నీ చెప్తే భయపడి వెనక్కి తగ్గుతారేమో అని నీకు అనిపిస్తుంది. తగ్గితే తగ్గనీ. వార్త ఇంకోటి దొరుకుతుంది.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఫోన్ చెయ్. పింగ్ పరీక్ష నేను వింటుండగా చేద్దువుగాని. మీ అమ్మకి నేను సర్దిచెప్తాను, ఇప్పటికే సగం ఒప్పుకుంది.

నీ
పెద్దమ్మ