చెట్టు కన్నా ముందు నీటి దారి
నగరాల్లో ముంపు, వేడి, తీరం కోత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వరదను, ఎండను, సముద్రపు కోతను తట్టుకోవడానికి నగరాలు మట్టిని, మొక్కలను, చిత్తడి నేలలను ఎలా వాడుకోవాలన్న ప్రశ్నలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఓ మోస్తరు వానకే మా వీధి మునుగుతోంది. మురుగు కాలువ వెడల్పు చేసే పని ఇప్పట్లో జరిగేలా లేదు. వీధి చివరి ఖాళీ స్థలంలో వాననీటి తోట వేద్దామనుకుంటున్నాం. ఎంత స్థలం కావాలి? ఎలా కట్టాలి?

జవాబు: ముందు వచ్చే నీటిని లెక్క కట్టండి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. ఇంటి కప్పులు, కాంక్రీటు నేల కలిపి 200 చదరపు మీటర్ల నీరు మీ తోటలోకి వస్తుందనుకుందాం. 25 మి.మీ. వానకు 5,000 లీటర్లు. నేల తడవడానికే పోయే పదో వంతు తీసేస్తే 4,500. తోటలో 15 సెంటీమీటర్ల ఎత్తున నీరు నిలిస్తే చదరపు మీటరుకు 150 లీటర్లు. అడుగున 60 సెం.మీ. వదులు మట్టి వేస్తే దాని సందుల్లో ఇంకో 120 లీటర్ల దాకా పడుతుంది. మొత్తం 270. ఈ లెక్కన 17 చదరపు మీటర్లు కావాలి. గట్ల వాలు కూడా కలుపుకుని 20 అనుకోండి. నీరు వచ్చే విస్తీర్ణంలో పదో వంతు అన్నమాట.

తవ్వే ముందు నేల ఎంత తాగుతుందో చూడాలి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నీళ్లతో నింపి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో కొలవండి. మొదటిసారి కొలత నమ్మకూడదు, పొడి నేల ఎప్పుడూ ఎక్కువ పీలుస్తుంది. గంటకు 12 మి.మీ. కన్నా తక్కువ దిగితే అడుగున కంకర పరిచి, అందులో చిల్లుల గొట్టం పెట్టి నీటిని కాలువలోకి వదలాలి. భూగర్భ జలం తోట అడుగుకు మీటరు లోపే ఉంటే అక్కడ ఈ పని వద్దు. ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల దూరం ఉంచండి. పెట్రోలు బంకు, వర్క్‌షాపు లాంటివి ఉండి నూనెలు ఇంకిన నేలలోనూ చేయకండి, ఆ విషం కింది నీటిలోకి దిగుతుంది.

మట్టి మిశ్రమంలో కడిగిన గరుకు ఇసుక 50 నుంచి 60 శాతం ఉండాలి. మిగతాది పైమట్టి, బాగా మాగిన కంపోస్టు. ఏపుగా పెరుగుతాయని కంపోస్టు ఎక్కువ వేస్తే అది కుళ్లి కుంగిపోతుంది, పోషకాలు కొట్టుకుపోయి కాలువలో నాచు పెంచుతాయి. మట్టికీ కంకరకూ మధ్య గుడ్డలాంటి ఫిల్టరు పరచడం చాలామందికి అలవాటు. సన్న మన్ను దాని రంధ్రాలను మూసేసి తోటను చెరువు చేస్తుంది. బదులుగా 5 నుంచి 10 సెం.మీ. మందాన చిన్న గులకరాళ్ల పొర వేయండి. మట్టిని దిమ్మిసతో కొట్టొద్దు. నీళ్లు పెట్టి దిగనివ్వండి, దిగినంత మేర మళ్లీ నింపండి. తోట అడుగు మేస్త్రీ లెవెల్ ట్యూబుతో చూసి సమమట్టంగా ఉంచాలి. వాలు ఉంటే నీరంతా ఒక మూలకు చేరి, మిగతా తోట ఎండి ఊరికే ఉంటుంది.

నీరు లోపలికి వచ్చే గండి 45 సెం.మీ. వెడల్పుకు తగ్గకూడదు. రోడ్డు మట్టం కన్నా తోట అంచు అక్కడ 5 సెం.మీ. కిందికి ఉండాలి. లేకపోతే మొదటి వానకే ఆకులు, ప్లాస్టిక్ అడ్డుపడి నీరు రోడ్డు మీదే సాగిపోతుంది. గండి దగ్గర రాళ్లు పరిస్తే నీటి వేగం తగ్గి ఒండ్రు అక్కడే ఆగుతుంది, తీసేయడమూ తేలిక. పొర్లిపోయే గొట్టం నోరు తోట అడుగుకు 15 సెం.మీ. పైన పెట్టండి. దాన్ని మరిచిపోతే పెద్ద వాన పక్కింట్లోకి దారి వెతుక్కుంటుంది.

ఇలాంటి తోటలు పాడయ్యేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. ఎగువన ఇల్లు కడుతుంటారు, ఇసుక కుప్ప రోడ్డు మీదే ఉంటుంది, సిమెంటు నీళ్లు వస్తాయి, తోట పూడిపోతుంది. ఎగువ పనులన్నీ అయ్యాకే తవ్వండి. ఆగలేకపోతే గండిని ఇసుక బస్తాలతో మూసి ఉంచండి.

ప్రశ్న: నీరు నిలిస్తే దోమలు రావా?

జవాబు: దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వేడి ప్రాంతాల్లో వారం, పది రోజులు పడుతుంది. తోట 24 గంటల్లో, ఆలస్యమైనా 48 గంటల్లో ఇంకిపోవాలి. రెండు రోజులు దాటి నీరు కనిపిస్తే పై 5 సెం.మీ. పూడిక మట్టి గీకి తీసి కొత్త మిశ్రమం వేయండి. అసలు దోమలు పెరిగేది మూతల్లేని డ్రమ్ముల్లో, పూడుకుపోయిన కాలువల్లో. ముందు వాటిని చూడండి.

ప్రశ్న: ఈ తోటలు, నీరు ఇంకే పేవ్‌మెంట్లు కుంభవృష్టిని ఆపుతాయా? వాననీటిని పీల్చుకునేలా మలిచిన ‘స్పాంజ్ నగరాలు’ కూడా మునిగాయి కదా?

జవాబు: ఆపలేవు. ఆపుతాయని చెప్పి అమ్మడం ఈ రంగానికే చేటు. చైనా 2015లో 16 నగరాలతో స్పాంజ్ నగరాల పథకం మొదలుపెట్టింది. వాననీటిలో 70 శాతాన్ని అక్కడికక్కడే పట్టి ఉంచాలన్నది లక్ష్యం. ఏడాది పొడవునా పడే మామూలు వానల లెక్క అది. స్పాంజ్ పనులకు బాగా ఖర్చు పెట్టిన జెంగ్‌జౌలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మి.మీ. కురిసింది. 25 మి.మీ. కోసం కట్టిన తోట దాని ముందు ఏం చేస్తుంది?

కాబట్టి నగరం మూడు అంచెలుగా ఆలోచించాలి. రోజువారీ వాన మట్టిలోకి. దాన్ని మించింది కాలువలోకి. కాలువనూ మించిన నీటికి, ఎవరికీ ప్రాణహాని లేకుండా నిలవగలిగే చోటు ముందే గుర్తించి ఉంచాలి. మైదానం, పార్కు, పల్లంగా దించిన రోడ్డు, ఏదైనా సరే. 2011 జులై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ మునిగాక ఆ నగరం 2012లో చేసుకున్న ప్రణాళిక ఇదే తీరులో సాగింది. కొన్ని వీధులను వాన రోజున కాలువలుగా పనిచేసేలా మలుస్తోంది. నెదర్లాండ్స్ నగరం రోటర్‌డామ్‌లో 2013లో తెరిచిన బెంతెమ్ కూడలి పొడి రోజుల్లో ఆటస్థలం, వాన రోజున సుమారు 17 లక్షల లీటర్లు పట్టే తొట్టి.

కాలువలను కాంక్రీటు నుంచి విడిపించడమూ ఈ మూడో అంచెలోదే. సింగపూర్ బిషాన్ పార్కులో 2.7 కిలోమీటర్ల నిటారు కాంక్రీటు కాలువను తీసేసి, వంపులు తిరిగే 3 కి.మీ. పైచిలుకు నదిగా మార్చారు. 2012 నాటికి పని పూర్తయింది. ఒడ్డుల కోత ఆపడానికి మొక్కలు, రాళ్లు, కట్టెల కట్టలతో చేసే పది రకాల పద్ధతులను ముందు ఒక చిన్న పక్క కాలువలో పరీక్షించి చూశారు. నీరు పెరిగితే జనాన్ని హెచ్చరించడానికి సైరన్లు పెట్టారు. అందాన్ని అనుకరించే నగరాలు ఈ రెండింటినీ వదిలేస్తుంటాయి, అదే బాధ.

ప్రశ్న: తీరంలో మూడుసార్లు మడ మొక్కలు నాటాం. మూడుసార్లూ చచ్చిపోయాయి. జాతిని మార్చాలా?

జవాబు: జాతిని కాదు, చోటును మార్చాలి. మడ చెట్టు ఉప్పునీటిని ఓర్చుకుంటుందే గానీ ఎప్పుడూ మునిగి ఉండడాన్ని ఓర్చుకోదు. సగటు సముద్ర మట్టానికీ పెద్ద పోటు అందుకునే గీతకూ నడుమ ఉన్న నేలే దాని ఇల్లు. మొత్తం కాలంలో సుమారు మూడో వంతుకు మించి నీరు నిలిచే చోట వేళ్లకు గాలి అందదు. మొక్కలకు బార్నకిల్స్ (గట్టి పెంకుతో అంటుకునే చిన్న సముద్ర జీవులు) పట్టి బరువుకు వంగిపోతాయి, మిగిలిన వాటిని అలలు పీకేస్తాయి.

మరి అందరూ ఆ దిగువ బురదలోనే ఎందుకు నాటుతున్నారు? అది ఎవరిదీ కాదు గనుక. అసలు మడ నేల రొయ్యల, చేపల చెరువులైపోయింది, దానికి పట్టాలో తగాదాలో ఉన్నాయి. ఖాళీ బురదలో ఒక్క రోజులో వేల మొక్కలు నాటి లెక్క రాసుకోవచ్చు. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు ఇలా నాటినవి ఎక్కువ భాగం బతకలేదు.

చేయాల్సింది ఇది. దగ్గర్లో ఆరోగ్యంగా ఉన్న మడ అడవికి వెళ్లి, ఏ జాతి ఏ మట్టంలో ఉందో లెవెల్ పరికరంతో కొలవండి. మీ స్థలంలో అదే మట్టం ఎక్కడుందో గుర్తు పెట్టండి. అక్కడ చెట్లు వాటంతట అవి ఎందుకు రావడం లేదో వెతకండి. చాలాసార్లు జవాబు ఒక పాత చెరువు గట్టో, తూము లేని రోడ్డో అయి ఉంటుంది. గట్టును పాత పాయలు సాగిన చోట్ల తెంచండి. ఎక్కడపడితే అక్కడ తెంచితే పోటు లోపలికి వస్తుంది గానీ పాటుకు నీరు బయటకు పోదు. గింజలు పోటుతోపాటు వస్తాయి. ఒకటి, రెండు కాపు కాలాలు ఓపిక పట్టండి. దగ్గర్లో తల్లి చెట్లే లేకపోతే అప్పుడు నాటండి. అమెరికా శాస్త్రవేత్త రాబిన్ లూయిస్ ఏళ్ల తరబడి చెప్పిన వరుస ఇదే: ముందు నీటి రాకపోకలు, చివరికి మొక్క.

తీరం ఇప్పటికే కోతకు గురవుతుంటే మొదట ఒండ్రు పట్టాలి. రెండు వరుసల గుంజలు పాతి, నడుమ కొమ్మలు, రెల్లు కట్టలు బిగిస్తే అల దాటి వస్తుంది గానీ బలం తగ్గుతుంది, వెనక బురద దిగుతుంది. ఇండోనేషియాలోని దెమాక్‌లో ఇలా చేశారు. గుంజలను పురుగు తొలిచేస్తుంది, కొమ్మలు కొట్టుకుపోతాయి, కాబట్టి ఏటా మరమ్మతు తప్పదు. అంతకన్నా పెద్ద దెబ్బ మరొకటుంది. అక్కడ బోర్లతో భూగర్భ జలం తోడేయడం వల్ల నేలే కుంగుతోంది. నీటి తోడకాన్ని అదుపు చేయకుండా మడ అడవి ఒక్కటే తీరాన్ని నిలబెట్టలేదు.

ఎంత రక్షణ ఆశించవచ్చు? 100 మీటర్ల మడ అడవి మామూలు అలల ఎత్తును 13 నుంచి 66 శాతం తగ్గిస్తుంది. తుపాను ఉప్పెన వేరు. కిలోమీటరు అడవి దాటితే నీటి మట్టం 5 నుంచి 50 సెం.మీ. తగ్గుతుంది, అంతే. సన్నటి పట్టీ నాటి తుపాను గట్టును తీసేయకండి. ముందు అడవి, వెనక గట్టు. అడవి ఉంటే గట్టుకు కోత తగ్గుతుంది.

ప్రశ్న: ఎండ తగ్గడానికి ఏ చెట్టు మంచిది?

జవాబు: చెట్టు పేరు కన్నా దాని కింద మట్టి ఎంతన్నది అడగండి. 1 లీటరు నీరు ఆకుల ద్వారా ఆవిరైతే సుమారు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. రోజుకు 100 లీటర్లు తాగే చెట్టు 68 యూనిట్ల పని చేస్తుంది. వేళ్లకు నీరు అందకపోతే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, ఇక మిగిలేది నీడే. గాలిలో తేమ ఎక్కువున్న నగరాల్లోనూ నీడదే పైచేయి. అందుకే చెట్లను పార్కు మధ్యలో కాక బస్టాపు, బడి ముందు వరుస, నడక దారి పడమటి వైపు వేయండి.

పెద్ద గొడుగు చెట్టుకు సుమారు 30 ఘనపు మీటర్ల వదులు మట్టి కావాలి. పేవ్‌మెంటులో తీసే మీటరు గుంటలో ఉండేది 1 ఘనపు మీటరు. గుంటలన్నింటినీ కలిపి పొడవాటి కందకం తీయండి. వేళ్లు విచ్చుకునే చోటు నేల మట్టానికి పైన కనబడాలి. లోతుగా పాతితే కాండం కుళ్లుతుంది, ఆ సంగతి అయిదారేళ్లకు గానీ బయటపడదు. మొదటి రెండు, మూడేళ్లు వారానికి 40 నుంచి 60 లీటర్లు నెమ్మదిగా పట్టాలి. తెగులు వస్తే అన్నీ ఒకేసారి పోకుండా ఒకే జాతి 10 శాతం, ఒకే ప్రజాతి 20, ఒకే కుటుంబం 30 శాతం మించకుండా చూడండి. 1990లో అమెరికా వృక్ష శాస్త్రవేత్త శాంటమోర్ చెప్పిన ఈ లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. వాహనాలు కిక్కిరిసిన ఇరుకు వీధిపై ఆకులు పూర్తిగా కప్పేస్తే పొగ కింద చిక్కుకుంటుంది, అక్కడ పలచటి గొడుగు చాలు.

ప్రశ్న: మా బస్తీ కొండవాలు మీద ఉంది. చెట్లు నాటితే కొండ జారకుండా ఉంటుందా?

జవాబు: వేళ్లు పట్టి ఉంచేది పై ఒకటి, రెండు మీటర్ల మట్టినే. లోతుగా జారే వాలును అవి ఆపలేవు. మొదటి పని ఎగువ నుంచి వచ్చే నీటిని మళ్లించే కాలువ, ఇళ్ల వాడకపు నీరు వాలులోకి ఇంకకుండా గొట్టం. ఆ తర్వాత వట్టివేరు గడ్డి. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, పిలకకూ పిలకకూ 10 నుంచి 15 సెం.మీ. ఎడంతో, వరుసకూ వరుసకూ ఒకటి, రెండు మీటర్ల ఎత్తు తేడాతో వానలు మొదలవగానే నాటండి. నీడలో అది బతకదు, కాబట్టి పైన గుబురు చెట్లు వేయకండి. వాలు పైభాగంలో వంపుగా పగుళ్లు వచ్చినా, ఊట నీరు ఉన్నట్టుండి బురదగా మారినా, తలుపులు బిగుసుకుపోయినా మొక్కల సంగతి పక్కనపెట్టి మనుషులు ఖాళీ చేయాలి.

ప్రశ్న: నాటడానికి నిధులిస్తారు, పెంచడానికి ఇవ్వరు. పైగా పచ్చదనం పేరుతో కాలువ గట్టున ఉన్నవారిని లేపేస్తున్నారు. ఏం అడగాలి?

జవాబు: టెండరులో మొక్కల సంఖ్యకు కాకుండా మూడో ఏడాది చివర బతికున్న వాటికి డబ్బు కట్టేలా రాయించండి. సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో 2017 ఆగస్టు 14న కొండ జారి వెయ్యి మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. తర్వాత ఆ నగరం మొదలుపెట్టిన పది లక్షల చెట్ల కార్యక్రమంలో ప్రతి మొక్కకూ ఫోన్‌లో రికార్డు ఉంటుంది, దాన్ని చూసుకునే స్థానికులకు కూలి ముడుతుంది. పూడిక తీత, చెత్త సేకరణ అదే అంచనా పత్రంలో ఉండాలి. చెత్త ఎత్తని చోట వాగును బాగు చేస్తే అది మళ్లీ చెత్తకుండీయే అవుతుంది.

ఖాళీ చేయించడం గురించి: ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం (ఐయూసీఎన్) ఇలాంటి ప్రకృతి ఆధారిత పనుల కోసం 2020లో ఇచ్చిన ప్రమాణంలో 8 సూత్రాలు, 28 సూచికలు ఉన్నాయి. ప్రభావితులను నిర్ణయాల్లో భాగం చేయడం, వారి హక్కులు కాపాడడం అందులోవే. ముంపు పటం చూపమని అడగండి. ఏ ఇళ్లు నిజంగా నీటి దారిలో ఉన్నాయి, ఏవి కేవలం నడక బాటకు అడ్డుగా ఉన్నాయి అన్నది అందులో విడివిడిగా గుర్తించమని రాతపూర్వకంగా కోరండి. మొదటి రకానికి బతుకుతెరువుకు దగ్గర్లో ఇల్లు ఇచ్చాకే తవ్వకం మొదలవ్వాలి. రెండో రకం ఇళ్లను కదిలించాల్సిన పనిలేదు, బాటను పక్కకు జరపవచ్చు.