సగం ట్యాంకు నీళ్ళు

విజయవాడ,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగం మానేసి, సొంతంగా అద్దాలు తుడిచే పని మొదలుపెడుతున్నావట కదా. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు దానికి" అంది. చెప్పడానికే రాస్తున్నా, కానీ వద్దని చెప్పడానికి కాదు. ఆరేళ్ళు ఆ గచ్చిబౌలి బిల్డింగుల్లో సూపర్‌వైజర్‌గా చేశావు. పని నీకు తెలుసు. ఫోన్ పెట్టేశాక మీ అత్తతో "చూశావా, మనింట్లో ఇంకో ఓనరు" అని గొప్పగానే అన్నాను. తీరా పడుకుంటే నిద్ర రాలేదు. వ్యాన్ కొంటావని కూడా మీ అమ్మ చెప్పింది మరి. ఆ వ్యాన్ నన్ను లేపి కూర్చోబెట్టింది.

"తెలుపు బాగుంటుందా, నీలమా?" అని అమ్మని అడిగావట. రంగు సంగతి ఆఖర్న చూడొచ్చే పిచ్చిదానా. ముందు కొలతల టేపు కొను.

ఆ టేపుతో మొదట కొలవాల్సింది వ్యాన్‌ని కాదు. నువ్వు పని చేయబోయే అపార్టుమెంట్ల సెల్లార్లని. ర్యాంపు దగ్గర ఎత్తు ఇంత అని బోర్డు పెడతారు చూడు, అది రాసుకో. బోర్డు లేకపోతే కిందికి వేలాడే పైపులదాకా కొలువు. డబ్బా కట్టిన బండి చాలా సెల్లార్లలో దూరదు. దూరకపోతే రోడ్డు మీద ఆపి, సామానంతా మోసుకుంటూ లోపలికి పోవాలి. వాచ్‌మెన్‌తో రోజూ గొడవ. ఈకో లాంటి మూసిన వ్యాన్ సులువుగా దూరుతుంది, కానీ దాని నెత్తిన నిచ్చెన కట్టాక ఎంత ఎత్తవుతుందో కూడా చూసుకో. తర్వాత ఎత్తులో అద్దాలు తుడిచే నీ పోలు మడిస్తే ఎంత పొడుగో కొలువు. వీలైతే పోలునే షోరూంకి పట్టుకెళ్ళి, వెనక తలుపు మూసి చూడు. సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనీ.

టాటా ఏస్, సూపర్ క్యారీ లాంటి ట్రాలీ బండ్లు ఎక్కువ బరువు మోస్తాయి, నిజమే. కానీ వెనక తెరిచి ఉంటుంది. మోటారు, పైపులు, బ్రష్షులు ఎండకి ఎండుతాయి, టీకి ఆగిన పది నిమిషాల్లో ఎవడో ఎత్తుకుపోతాడు. టార్పాలిన్ ఉందిగా అనకు. ఇరవై ఎనిమిదేళ్ళు టెంట్ హౌస్ నడిపిన వాణ్ణి, టార్పాలిన్ కింద నుంచి ఎన్ని గిన్నెలు పోయాయో నాకు తెలుసు. నా ఓటు మూసిన వ్యాన్‌కే.

సెకండ్ హ్యాండ్ అయితే ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరుందేమో చూడు. ఉంటే అప్పు తీరినట్టు వాళ్ళ కాగితం, ఫారం 35 ఉండాలి. బండి నీ పేరుకి మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు అయ్యేదాకా పూర్తి డబ్బు చేతిలో పెట్టకు. ఎల్లో బోర్డు బండికి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి ఫిట్‌నెస్ పరీక్ష, ఆ తర్వాత ఏటేటా. కాబట్టి ఏడేళ్ళ బండి చవగ్గా వచ్చిందంటే ఎందుకు వచ్చిందో ఆలోచించు. ఇంకోటి, చేపలు, రొయ్యలు మోసిన బండి కొనకు. కొల్లేరు వైపు నుంచి అలాంటివి రంగులేసి అమ్మకానికి వస్తుంటాయి. ఐసూ ఉప్పూ కారి ఫ్లోరు కింద తుప్పు తినేసి ఉంటుంది. ఎండలో అరగంట తలుపులు మూసి ఉంచి, ఠక్కున తెరిచి వాసన చూడు. రంగు తుప్పుని దాస్తుంది గానీ వాసనని దాచలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

పోయిన సంక్రాంతికి ఆ చిన్న మీటరు మా బిందెలో ముంచి చూపించావు, గుర్తుందా? బోరు నీళ్ళతో కడిగితే అద్దం ఆరాక తెల్ల మచ్చలు పడతాయని, టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాలు, సున్నాకి తెచ్చిన నీళ్ళు నువ్వే మోసుకెళ్ళాలని చెప్పావు. అప్పుడు తల ఊపాను. ఇప్పుడు ఆ మాటే గుండెల్లో తిరుగుతోంది. లీటరు నీళ్ళు కిలో బరువు. ఐదొందల లీటర్లంటే అర టన్ను. సూపర్ క్యారీ పెట్రోల్ బండి మోసేది 740 కిలోలు. అదే సీఎన్‌జీ అయితే 625, సిలిండర్ బరువు అందులో పోతుంది. ట్యాంకు, మోటారు, బ్యాటరీ, నిచ్చెనలు, ఇద్దరు మనుషులు, అన్నీ కూడి చూడు. మూసిన వ్యాన్‌కి ఇంకా తక్కువ చూసుకోవాలి. మూడొందల లీటర్లు దాటొద్దు. చాలకపోతే మధ్యలో ఇంటికొచ్చి నింపుకో.

బరువొక్కటే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

1996 వేసవి. నాకు పాత మెటడార్ ఉండేది, వెనక తెరిచినది. మైలవరం దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళి. అక్కడ నీళ్ళకి కటకట అని 750 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు బండెక్కించి, తాళ్ళతో కట్టి, నిండా నింపి తీసుకెళ్ళాను. వెళ్ళేటప్పుడు బండి బరువుగా, బుద్ధిగా నడిచింది. రాత్రి పదకొండింటికి తిరుగు ప్రయాణం. ట్యాంకులో సగం నీళ్ళు మిగిలాయి. పారబోద్దామని హెల్పర్ కుర్రాడు అన్నాడు. వాడికి పంతొమ్మిదేళ్ళు. ఎండాకాలం నీళ్ళు పారబోస్తావేంట్రా అని నేనే కసిరాను. ముందు సీట్లో వంటాయన నిద్రపోతున్నాడు, అందుకని ఆ కుర్రాణ్ణి వెనక గిన్నెల దగ్గర కూర్చోమన్నాను.

ఒక మలుపులో గేదె అడ్డమొచ్చింది. బ్రేకు వేశాను. బండి ఆగింది. నీళ్ళు ఆగలేదు. నిండు ట్యాంకులో నీళ్ళకి కదలడానికి చోటుండదు, సగం ట్యాంకులో ఉంటుంది. ఆ 375 కిలోలూ ఒక్కసారి ముందుకి గుద్దితే తాళ్ళు తెగాయి. ట్యాంకు జారి కేబిన్‌కి కొట్టుకుంది. మధ్యలో వాడి కాలు ఉంది.

ఆ కేక ఇప్పటికీ వినపడుతుందే అమ్మలూ.

మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. సరుకు బండి వెనక మనిషి ఎందుకున్నాడని ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను, అది గొప్ప కాదు. వాడు మళ్ళీ నా దగ్గరికే పనికొచ్చాడు, కుంటుకుంటూ. ప్రతి పండక్కీ మనింటికి వచ్చి నీకు జీళ్ళు తెచ్చేవాడు, ఆ మామయ్యే. "లారీ గుద్దింది" అని ఇంట్లో చెప్పాను. మీ అమ్మ ఈరోజుకీ అదే నమ్ముతుంది. వాడు కూడా ఏ రోజూ కాదనలేదు.

అందుకని నీ ట్యాంకు పొడుగ్గా నిలబడేది వద్దు, బల్లపరుపుగా ఉండేది కావాలి. లోపల అడ్డపలకలు ఉండాలి, పెద్ద ట్యాంకర్లలో ఉంటాయి చూడు, నీళ్ళు ఒక్కసారిగా ఒక పక్కకి పరిగెత్తకుండా. డ్రైవరు సీటు వెనకే, కిందికి, ఇనప ఫ్రేములో పెట్టించి బోల్టులు ఛాసిస్‌కి వేయించు. ఫ్లోరు రేకుకి వేస్తే రేకుతో సహా ఊడొస్తుంది. సీట్లకీ ట్యాంకుకీ మధ్య ఇనప జాలీ పెట్టించు. పని అయ్యాక మిగిలిన నీళ్ళు ఆ అపార్టుమెంటు మొక్కలకి పోసిరా. సున్నా టీడీఎస్ నీళ్ళే, ఖరీదైనవే, అయినా పోసెయ్. వెనక మనిషిని మాత్రం కూర్చోబెట్టకు, సందు చివరిదాకానే అయినా సరే. ముందు రెండు సీట్లుంటే ఇద్దరే వెళ్ళండి, మూడోవాడు బస్సులో వస్తాడు.

కసురుతున్నాననుకోకు. నీకు సైకిల్ నేర్పినప్పుడు కూడా వెనక సీటు వదలకుండా పరిగెత్తాను. "వదులు మామయ్యా" అని నువ్వే అరిచావు.

శనివారం ఉదయం బస్సుకి వస్తున్నాను. ఆటోనగర్లో నాకు తెలిసిన వెల్డింగ్ మేస్త్రి ఉన్నాడు, ట్యాంకు ఫ్రేము అక్కడే చేయిద్దాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు. తెలుపే తీసుకో, ఎండకి తక్కువ వేడెక్కుతుంది.

లారీ సంగతి అమ్మకి నేనే చెప్తాను. నువ్వు ముందే చెప్పేయకు.

మామయ్య