మిషన్ మార్చాలా, సూది మార్చాలా?

ప్రశ్న: ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నెలకు 30 దాకా లైనింగ్ జాకెట్లు వస్తాయి, ఒక్కోదానికి 350 తీసుకుంటాను. ఎనిమిదేళ్ళనాటి నల్ల మిషన్‌కి మోటారు తగిలించుకున్నాను. కొన్నాళ్ళుగా అడుగున దారం ఉండలు కడుతోంది, సిల్కు మీద కుట్టు వదిలేస్తోంది, బరువుగా తిరుగుతోంది. షటిల్ (అడుగున పైదారాన్ని అందుకుని కుట్టు వేసే భాగం), మోటారు మార్చాలి, 3,800 అవుతుందని మెకానిక్ అన్నాడు. దానికంటే కొత్త జిగ్‌జాగ్ మిషన్ కొంటే పీకో (చీర అంచు పీచు లేవకుండా వేసే కుట్టు) కూడా ఇంట్లోనే వేసుకోవచ్చు. ఇప్పుడు నెలకు 20 చీరలు బయట ఇస్తున్నాను, చీరకు 40 పోతోంది. కొత్తది 26,000, నెలకు 2,167 చొప్పున 12 నెలలు, వడ్డీ లేదు, ఫీజు 700 అంటున్నారు. రొక్కమిస్తే 23,500. లేదంటే 20 మందితో నడిచే 50,000 చీటీ పాడేయనా? పాట 9,000 దగ్గర ఉంది.
ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: చీటీ పాడకండి. 9,000కి పాడితే చేతికొచ్చేది 41,000. ఆ 9,000లో నిర్వాహకుడి కమిషన్ పోను మిగిలింది అందరూ పంచుకుంటే మీ వంతుకు ఏ మూడు నాలుగు వందలో వస్తాయి. 23,500 అవసరానికి అంత వదులుకోవడం దండగ.

ఇక మిషన్. మీరు రాసిన మూడు జబ్బులూ మూడు వేర్వేరు చోట్ల పుడతాయి. మెకానిక్ మోసం చేస్తున్నాడని అనను. కానీ 3,800 ఇచ్చేముందు ఒక పూట మీరే కూర్చుని చూసుకోండి. దీనికి కావలసినవి ఒక సూదుల ప్యాకెట్, చిన్న సీసా మెషిన్ ఆయిల్, కాస్త కిరోసిన్, పాత నూలు గుడ్డ. మిషన్ మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు తీసేయండి.

అడుగున ఉండలు కడితే అందరూ కింది దారం చుట్టి ఉండే బాబిన్‌ను అనుమానిస్తారు. తప్పు దాదాపు ఎప్పుడూ పైదారానిదే. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం దించి దారం ఎక్కిస్తే, పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యలోకి దిగకుండా పైపైనే జారిపోతుంది, అది వదులుగా దిగి కింద పోగుపడుతుంది. పాదం ఎత్తండి, దారం మొత్తం తీసేసి మొదటినుంచీ ఎక్కించండి. బిళ్ళల మధ్య నూలు పీచు ఇరుక్కుని ఉన్నా ఇదే జరుగుతుంది. సన్నటి గుడ్డ పేలిక దూర్చి అటూ ఇటూ లాగితే పీచు వచ్చేస్తుంది. పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం పెట్టి కుట్టి చూస్తే ఏది వదులో ఇట్టే తెలుస్తుంది. తర్వాత కూడా తగ్గకపోతేనే బాబిన్ కేస్ చూడండి. దారం పట్టుకుని వేలాడదీసి చిన్న కుదుపు ఇస్తే అంగుళమో రెండంగుళాలో దిగి ఆగాలి. జర్రున కిందికి పోతే కేస్ మీది చిన్న మర పావు చుట్టుకన్నా తక్కువే బిగించండి.

సిల్కు మీద కుట్టు వదలడం సూది పని. 8, 10 గంటలు కుట్టాక సూది మొన మొద్దుబారుతుంది. నెలకు 30 జాకెట్లు కుట్టేవాళ్ళకు ఒకే సూది నెలంతా రాదు. సిల్కుకు 11 నంబరు, లైనింగ్‌తో నూలు గుడ్డకు 14, మందమైన వాటికి 16 వాడండి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: గుండ్రటి కాడ సూదులు ఫ్యాక్టరీ మిషన్లవి, ఇంటి మిషన్ సూదికి కాడ ఒక పక్క చదునుగా ఉంటుంది. సూదిని పైకి పూర్తిగా తోసి బిగించాలి. పొడవాటి గాడి మీరు దారం దూర్చే వైపు ఉండాలి. తిరగబడితే, లేదా సూది రవ్వంత కిందికి దిగి ఉన్నా, షటిల్ మొనకు దారం అందదు, కుట్టు పడదు. వంగిన సూదితో కుడుతూ పోతే అది షటిల్‌ను గీకుతుంది, అక్కడినుంచి దారం తెగడం మొదలవుతుంది. షటిల్ మార్చాలన్న మాట నిజమయ్యేది అప్పుడే. అదీ సన్నటి గీతైతే నున్నటి ఎమరీ కాగితంతో పోతుంది.

బరువుగా తిరగడం విషయంలో మోటారు కొనేముందు ఒక పరీక్ష చేయండి. బెల్టు తీసేసి చక్రం చేత్తో తిప్పండి. అప్పుడూ బరువుగా ఉంటే దోషం మిషన్ తలలోనే ఉంది, మోటారు మార్చినా లాభం లేదు. షటిల్ విప్పి చూడండి, చుట్టుకుపోయిన దారం ముక్క బయటపడవచ్చు. కొబ్బరినూనె గానీ వంటనూనె గానీ పోసి ఉంటే అది జిగురై పట్టేస్తుంది. నూనె రంధ్రాల్లో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి కాసేపు చేత్తో ఆడించి, తుడిచి, తర్వాత ఒక్కో చుక్క మెషిన్ ఆయిల్ వేయండి. పాదం కింద గుడ్డముక్క పెట్టి రాత్రంతా వదిలేస్తే మర్నాడు జాకెట్లకు మరకలు అంటవు. బెల్టు తీశాక చక్రం తేలిగ్గా తిరిగితేనే మోటారు మీద అనుమానం. అప్పుడు కూడా బెల్టు మరీ బిగువుగా ఉందేమో, లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగాయేమో చూడమనండి. ఈ రెండూ మోటారు ధరతో పోలిస్తే చిల్లర ఖర్చులు.

నల్ల మిషన్‌ది ఇనప తల. ఎనిమిదేళ్ళు దానికి వయసే కాదు. విడిభాగాలూ చవకే, చిన్న ఊళ్ళల్లోనూ దొరుకుతాయి. ఉన్నది పాడైందని కొత్తది కొనడం నాకు సబబుగా తోచలేదు.

పీకో కోసం కొనడం వేరే లెక్క. బయటికి పోయే డబ్బు నెలకు 800. రొక్కం 23,500 రాబట్టుకోవడానికే 29 నెలల పైన పడుతుంది, దారం, కరెంటు లెక్కేయకుండానే. షాపువాళ్ళు చెప్పే ‘వడ్డీ లేదు’ అన్న మాట నమ్మకండి. రొక్కం ధర 23,500, కిస్తీలకు 26,000, పైన 700. మొత్తం 3,200 ఎక్కువ. ఏడాది వడ్డీగా లెక్కేస్తే 25 శాతం దాకా తేలుతుంది. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. పైగా 800 మిగిల్చే మిషన్‌కి నెలనెలా 2,167 కట్టాలి.

పీకో గిరాకీ 40 చీరలు దాటితే అప్పుడు కొనండి, కానీ ఈ కిస్తీల మీద కాదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. దగ్గరలోని కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో కొత్త నమోదులు తీసుకుంటున్నారో లేదో అడిగి పేరు నమోదు చేయించుకోవాలి. పరిశీలన తర్వాత 5 నుంచి 7 రోజుల శిక్షణ ఇస్తారు, రోజుకు 500 భత్యం ఉంటుంది. పనిముట్లకు 15,000 ఇస్తారు, అది నగదుగా కాదు, ఈ-వోచర్‌గా. శిక్షణ పూర్తయ్యాక తొలి విడతగా లక్ష దాకా అప్పు, 5 శాతం వడ్డీ, 18 నెలల గడువు. 23,500కి ఆ వడ్డీ వెయ్యి లోపే. కుటుంబంలో ఒక్కరికే వస్తుంది. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉంటే రాదు. గత ఐదేళ్ళలో ముద్ర అప్పు తీసుకుని ఉంటే అది పూర్తిగా తీరి ఉండాలి. పరిశీలన మూడు అంచెల్లో జరుగుతుంది కాబట్టి పెళ్ళిళ్ళ సీజన్‌కి చేతికొస్తుందని లెక్క వేసుకోకండి.

ఈలోగా జాకెట్‌కు పది రూపాయలు పక్కన పెట్టి బ్యాంకులో నెలనెలా దాచుకునే ఆర్‌డీ కట్టండి. నెలకు 300, ఏడాదికి 3,600. సూదులు, ఆయిల్, ఏడాదికోసారి సర్వీసు దాంట్లోంచే పోతాయి. చీరకు 40 బదులు 50 అడిగే పీకో షాపు ఎదురైనా తట్టుకోవచ్చు.

ఇవన్నీ చేసినా మిషన్ దారికి రాకపోతే మెకానిక్‌ని పిలవండి. షటిల్‌కెంత, మోటారుకెంత, కూలి ఎంత విడివిడిగా రాయించుకోండి. తీసేసిన పాత షటిల్ మీ దగ్గరే ఉంచమనండి. దాని మొన మీద గోరుతో రాస్తే గరుకు తగులుతుందో లేదో మీకే తెలుస్తుంది.